పెరటి కోళ్లు, టర్కీ కోళ్లలో పాత గాయాలు, అసాధారణతలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విస్తరణ సిబ్బందికి గుర్తింపు విధానం

సారాంశం

పెరటి కోళ్లను, టర్కీ కోళ్లను కోసి శుభ్రం చేసేటప్పుడు వంకరగా అతికిన ఎముకలు, కాలి చుట్టూ లోతుగా పడిన గాడి, అరికాలి గడ్డలు, రొమ్ము ఎముక వంపు, కాలేయంపై మచ్చలు వంటి అసాధారణతలు తరచుగా కనిపిస్తాయి. వీటిలో కొన్ని మానిపోయిన ప్రమాదాల గుర్తులు. కొన్ని పెంపకంలోని లోపాలకు సాక్ష్యాలు. మరికొన్ని మందలో ఇంకా కొనసాగుతున్న అంటురోగాల జాడలు. ఈ మూడింటినీ వేరు చేయలేకపోతే రైతు అవసరం లేని మందులకు ఖర్చు చేయవచ్చు, లేదా నివారించదగిన రోగానికి మంద మొత్తాన్ని కోల్పోవచ్చు. గాయం స్వరూపం, అది ఎన్ని పక్షులలో ఉన్నది, ఇంకా పెరుగుతున్నదా అనే మూడు అంశాల ఆధారంగా వీటిని గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

టర్కీ కోడి జన్మస్థానం ఉత్తర అమెరికా. అక్కడి అడవుల్లో నేటికీ అడవి టర్కీలు జీవిస్తున్నాయి. నిర్ణీత కాలంలో అనుమతితో వేటాడేవారు పక్షిని కోసినప్పుడు, విరిగి అతికిన కాలి ఎముకలు, చర్మం కింద చిక్కుకున్న పాత తూటా రవ్వలు, మశూచి గడ్డలు, రొమ్ముపై ఒకటికి మించిన వెంట్రుకల కుచ్చులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. వేటగాళ్లు తీసుకువచ్చే ఇటువంటి పక్షులు వన్యప్రాణి వ్యాధుల పరిశోధనకు విలువైన ఆధారాలయ్యాయి. జార్జియా విశ్వవిద్యాలయంలో 1957లో ఏర్పడిన ఆగ్నేయ రాష్ట్రాల వన్యప్రాణి వ్యాధి అధ్యయన సహకార సంస్థ వంటివి ఈ ఆధారాలతోనే పక్షుల వ్యాధులను పరిశీలిస్తున్నాయి. టర్కీలలో కంతులు కలిగించే లింఫోప్రొలిఫరేటివ్ వ్యాధి వైరస్‌ను అమెరికాలోని అడవి టర్కీలలో మొదటిసారి 2009లో గుర్తించారు.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ అడవి టర్కీలు లేవు. అడవికోడి, నెమలి వంటి వన్యపక్షుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అయితే వేటగాడు అక్కడ చేసే పరిశీలనకు సమానమైన అవకాశం మన గ్రామాల్లో మరొక రూపంలో ఉంది. పండుగకో, బోనాలకో, చుట్టాలు వచ్చినప్పుడో పెరటి కోడిని ఇంట్లోనే కోసి శుభ్రం చేస్తారు. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఈ ప్రాంతపు గ్రామాల నుంచి పెద్ద సంఖ్యలో కోళ్లు మొక్కుబడిగా తరలివెళ్తాయి. ఇలా కోసే ప్రతి కోడీ ఆ ఇంటి పెంపకం గురించి ఏదో ఒక సమాచారం ఇస్తుంది. దానిని చదవగలిగేవారు ఉంటే ఆ సమాచారం సలహాగా మారుతుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్ల సంఖ్య 85.18 కోట్లు కాగా, అందులో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి కోళ్ల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. రాజేంద్రనగర్‌లో రూపొందిన రాజశ్రీ, హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, వీటితోపాటు అసీల్, నాటు రకాలు మన పెరళ్లలో కనిపిస్తాయి. అదనపు ఆదాయం కోసం కొన్ని కుటుంబాలు టర్కీ కోళ్లను కూడా వీటితో కలిపి పెంచుతున్నాయి. ఈ కలగలుపు పెంపకం వల్ల వచ్చే ఒక ప్రత్యేక ముప్పును తర్వాత వివరించడం జరిగింది.

మూడు జిల్లాల్లో గాయాలకు దారితీసే పరిస్థితులు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు జిల్లా విడిపోయింది. ఈ మూడింటి భౌగోళిక స్వభావం ఒకటి కాదు. కాబట్టి ఏ గాయాన్ని ఎక్కడ ముందుగా అనుమానించాలన్నది కూడా మారుతుంది.

జనగామ ప్రధానంగా బయలు మెట్ట ప్రాంతం. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారి ఈ జిల్లా గుండా పోతుంది. రోడ్డు పక్క గ్రామాల్లో వాహనాలు, కుక్కలు, బయళ్లలో గద్దలు ప్రమాద కారణాలు. మహబూబాబాద్‌లో తండాలు ఎక్కువ. మిర్చి, పత్తి విస్తారంగా పండుతాయి. ఇంటి చుట్టూ గోనె సంచుల నూలు, ప్లాస్టిక్ దారం, సుతిలి ముక్కలు పడి ఉంటాయి. కొత్తగూడ, గంగారం మండలాలు అటవీ ప్రాంతాలు. భూపాలపల్లిలో మహదేవపూర్, పలిమెల మండలాల గ్రామాలు అడవిని ఆనుకొని ఉన్నాయి. అక్కడ ముంగిస, అడవి పిల్లి, నక్క బారి నుంచి తప్పించుకున్న పక్షులు తోక, రెక్క, వీపు భాగాల్లో మచ్చలతో బతుకుతాయి. ఇవి సాధారణ సూచనలే గాని ఒక గ్రామానికి తీర్పులు కావు. ఏ గ్రామంలోనైనా అన్ని కారణాలూ ఉండవచ్చు.

పక్షి శరీరంలో గాయం మానే తీరు

పాత గాయాన్ని గుర్తించాలంటే పక్షి శరీరం గాయాన్ని ఎలా మాన్పుకుంటుందో తెలియాలి. ఇందులో క్షీరదాలతో పోలిస్తే నాలుగు ముఖ్యమైన తేడాలున్నాయి.

మొదటిది కమిలిన చోటు రంగు. దెబ్బ తగిలిన కొద్ది నిమిషాల్లో చర్మం కింద ఎరుపు కనిపిస్తుంది. సుమారు పన్నెండు గంటలకు అది ముదురు ఊదాగా మారుతుంది. ఒక రోజు తర్వాత ఆకుపచ్చ ఛాయ మొదలవుతుంది. రెండో రోజుకు పసుపు కలిసిన ఆకుపచ్చగా, మూడో రోజుకు పసుపుగా మారి, దాదాపు అయిదు రోజులకు మాయమవుతుంది. రక్తంలోని హీమ్ విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే బైలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థాన్ని పసుపు రంగు బైలిరుబిన్‌గా మార్చే ఎంజైము పక్షులలో చాలా తక్కువ. అందుకే కోళ్లలో కమిలిన చోట ఆకుపచ్చ అంత స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్రటి కమురు కోతకు ముందు పట్టుకోవడంలోనో రవాణాలోనో తగిలిన దెబ్బ. ఆకుపచ్చటి కమురు కనీసం ఒక రోజు ముందు, అంటే ఇంట్లోనో అమ్మినవారి వద్దనో తగిలినది. అంగడిలో కొన్న కోడి విషయంలో ఈ తేడా చాలా ఉపయోగకరం.

రెండవది చీము స్వభావం. పక్షులలో చీము సాధారణంగా ద్రవంగా ఉండదు. వాటి తెల్ల రక్తకణాలైన హెటిరోఫిల్స్‌లో చీమును కరిగించడానికి తోడ్పడే మైలోపెరాక్సిడేజ్ ఎంజైము లేకపోవడం వల్ల అది జున్నులా గట్టిపడి, చుట్టూ పొర ఏర్పడుతుంది. అందువల్ల పాత గడ్డను కోస్తే పసుపు రంగు గట్టి ముద్ద బయటపడుతుంది. దానిని చూసి కంతి అని గాని, కొవ్వు అని గాని పొరబడే అవకాశం ఉంది.

మూడవది ఎముక అతుకు. ఆరోగ్యంగా ఉన్న పక్షిలో విరిగిన ఎముక కదలకుండా ఉంటే సుమారు మూడు వారాల్లో గట్టిపడుతుంది. ఎవరూ కట్టు కట్టకపోతే ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కి వంకరగా అతుకుతాయి. కోసినప్పుడు ఆ చోట ఉండలాంటి ఉబ్బు, చుట్టూ నునుపైన ఎముక, రక్తపు చార లేని కండ కనిపిస్తే అది పాత విరుపు. పదునైన అంచులు, నల్లటి రక్తం గడ్డకట్టి ఉంటే కొత్తది. రెక్కలోని భుజాస్థి గాలితో నిండి ఊపిరితిత్తుల వ్యవస్థతో కలిసి ఉంటుంది. ఆ ఎముక చర్మం చీల్చుకొని బయటకు వస్తే నీరు, మురికి గాలి సంచులలోకి చేరి ప్రాణాంతకం కావచ్చు.

నాలుగవది ఈక. మధ్యలో విరిగిన ఈక తర్వాతి ఈక రాల్పు వరకు అలాగే ఉంటుంది. వేరుతో ఊడిన ఈక స్థానంలో కొన్ని వారాల్లో కొత్తది వస్తుంది. ఈక మొలిచే కుదురే దెబ్బతింటే ఆ చోటు శాశ్వతంగా బోడిగా ఉంటుంది లేదా వంకర ఈక మొలుస్తుంది.

ప్రమాదాల వల్ల, పెంపకం వల్ల కలిగే పాత గాయాలు

కాలి గాడి: పెరటి కోళ్లలో నివారించదగిన గాయాలలో ఇది ముఖ్యమైనది. కోడిని అంగడికి తీసుకువెళ్లేటప్పుడు రెండు కాళ్లూ కట్టి సైకిలుకో మోటారు సైకిలుకో తలకిందులుగా వేలాడదీయడం అలవాటు. కొత్తగా కొన్న పుంజును పారిపోకుండా రోజుల తరబడి గుంజకు కట్టివేస్తారు. సన్నని దారం చర్మాన్ని కోసి, రక్తప్రసరణను ఆపి, కాలి చుట్టూ వలయంలా గాడి మిగులుస్తుంది. గాడికి కింది భాగం వాచి ఉండటం, వేళ్లు నల్లబడి ఊడిపోవడం తర్వాతి దశలు. కొన్నిసార్లు దారం లోపలే ఉండి దానిపై చర్మం కప్పుకుపోతుంది. గోనె నూలు చుట్టుకొన్న పిల్లలలో కూడా ఇదే జరుగుతుంది. అయితే పిల్లలలో గాడి సాధారణంగా వేళ్ల మధ్య, సక్రమం కాని చుట్లుగా ఉంటుంది. కట్టిన తాడు గాడి మాత్రం రెండు కాళ్లపై ఒకే ఎత్తులో ఉంటుంది.

అరికాలి గడ్డ: ముల్లు, రాయి, గరుకు నేల వల్ల అరికాలి చర్మం చిట్లి, స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవి ప్రవేశించి గట్టి గడ్డ ఏర్పడుతుంది. మధ్యలో నల్లటి పొక్కు, దాని కింద జున్నులాంటి ముద్ద ఉంటాయి. బరువైన రకాలు, టర్కీలు ఎత్తైన దండెం నుంచి గట్టి నేలపైకి దూకినప్పుడు ఇది ఎక్కువ. ఒకే గూటిలో పలు పక్షులకు ఇది ఉంటే లోపం గూటిలో ఉన్నట్లే.

రొమ్ము ఎముక వంపు, రొమ్ము బొబ్బ: రొమ్ము ఎముక మధ్యలో నొక్కినట్లుగా గాని, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా గాని వంగి ఉండటం గుడ్లు పెట్టే పెట్టలలో కనిపిస్తుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం మేతలో లభించకపోతే పెట్ట తన ఎముకల నుంచే తీసుకొంటుంది. బలహీనమైన ఎముక దండెం ఒత్తిడికి వంగుతుంది, దూకినప్పుడు విరుగుతుంది. రొమ్ముపై చర్మం కింద నీటితోనో గట్టి పదార్థంతోనో నిండిన బొబ్బ ఎక్కువసేపు గట్టి నేలపై కూర్చునే బరువైన పక్షులలో, కుంటి పక్షులలో వస్తుంది. అందువల్ల రొమ్ము బొబ్బ కనిపిస్తే కాళ్లను కూడా పరీక్షించాలి.

పోట్లాట గాయాలు: పుంజుల తురాయి అంచులు తెగి ఉండటం, తమ్మెలపై మచ్చలు, ఒక కన్ను పోవడం పోట్లాట గుర్తులు. అసీల్ రకం పుంజులకు పోట్లాట స్వభావం సహజం. అయితే కాలి ముల్లును కోసివేసిన గుర్తు, తొడపై, రొమ్ముపై సూటిగా తెగిన పొడవైన మచ్చలు ఉంటే అవి కత్తి కట్టిన పందేల ఆనవాళ్లు కావచ్చు. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని రైతుకు తెలియజేయాలి.

రోగాలు మిగిల్చే గుర్తులు

పాత గాయంలా కనిపించేవన్నీ గాయాలు కావు. ఈ విభాగంలో పొరపాటు జరిగితే నష్టం ఎక్కువ.

కొక్కెర తెగులు సోకి బతికి బయటపడిన కోళ్లలో మెడ మెలి తిరగడం, తల వణకడం, ఒక కాలు లేదా రెక్క చచ్చుపడటం మిగిలిపోతాయి. రైతు దీనిని దెబ్బ తగిలిందని చెప్పవచ్చు. అటువంటి పక్షి ఉన్న ఇంట్లో గత కొన్ని నెలల్లో ఎన్ని కోళ్లు చనిపోయాయో అడగాలి. ఒకేసారి పలు కోళ్లు చనిపోయి ఇది మిగిలి ఉంటే అది దెబ్బ కాదు. ఆ గ్రామంలో టీకాల అవసరాన్ని ఆ మెడ వంపు చెబుతున్నది. మొదటి వారంలో లసోటా లేదా ఎఫ్-1, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్2బి టీకా వేయించాలి.

కోళ్ల మశూచి దోమల ద్వారా, పుండ్ల ద్వారా వ్యాపిస్తుంది. తురాయి, తమ్మెలు, కనురెప్పలపై వచ్చిన పొక్కులు మూడు నాలుగు వారాల్లో ఎండి రాలిపోతాయి. తర్వాత ఈకలు లేని చోట్ల గుంటలు, తెల్లని మచ్చలు మిగులుతాయి. పోట్లాట మచ్చ గీతలా, ఒకవైపు ఉంటుంది. మశూచి మచ్చ గుండ్రంగా, పలుచోట్ల, రెండు వైపులా ఉంటుంది.

మారెక్స్ వ్యాధిలో ఒక కాలు ముందుకు, ఒకటి వెనుకకు చాచి పక్షి పడిపోతుంది. కొన్నింటిలో కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకు మారి, పాప అంచు వంకరటింకరగా అవుతుంది. తొడ కండల మధ్య ఉండే నరం ఒకవైపు లావుగా ఉంటే ఈ వ్యాధిని అనుమానించాలి. ఎముకలో విరుపు లేకుండా కుంటుతున్న పక్షిలో రెండు తొడల నరాలను పోల్చి చూడటం మంచి అలవాటు.

పొలుసు కాలు నెమడాకాప్టిస్ అనే సూక్ష్మ పురుగు వల్ల వస్తుంది. కాలి పొలుసులు లేచి, సున్నం పూసినట్లు తెల్లగా, దళసరిగా మారతాయి. ముసలి కోళ్లలో ఎక్కువగా కనిపించడం వల్ల దీనిని వయసు లక్షణంగా భావించి వదిలేస్తారు. ఇది ఇతర కోళ్లకు అంటుకుంటుంది. సబ్బు నీటితో మెత్తపరచి పొలుసు తొలగించి, నూనె పట్టించడం, గూటిని శుభ్రపరచడం అవసరం.

పక్షి క్షయ ఏడాది దాటిన కోళ్లలో నెమ్మదిగా ముదురుతుంది. రొమ్ము కండ తగ్గి ఎముక కత్తిలా పైకి తేలుతుంది. కాలేయం, ప్లీహం, పేగులపై పసుపు తెలుపు గట్టి బుడిపెలు ఉంటాయి. ఇవి పాత దెబ్బ వల్ల కలిగిన గడ్డలు కావు. దెబ్బ వల్ల ఏర్పడే గడ్డ సాధారణంగా ఒకచోట, చర్మానికో కండకో పరిమితమై ఉంటుంది. అనేక అవయవాలలో ఒకే రకం బుడిపెలు ఉంటే రోగమే కారణం.

పోషణ లోపాలు, వంశపారంపర్య లక్షణాలు

ఒకే సమయంలో పొదిగిన పిల్లలలో సగం కుంటుతూ ఉంటే ముందుగా మేతను పరిశీలించాలి. మాంగనీసు, కోలిన్ వంటి పోషకాల లోపం వల్ల మడమ కీలు ఉబ్బి, వెనుక ఉండే స్నాయువు పక్కకు జారి, కాలు బయటికి తిరిగిపోతుంది. విటమిన్ బి2 లోపంలో వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. విటమిన్ డి, కాల్షియం, భాస్వరం లోపిస్తే ముక్కు మెత్తబడటం, పక్కటెముకలపై పూసల వంటి ఉబ్బులు, కాళ్ల వంపు వస్తాయి. ఇవి పిల్ల దశలో వచ్చినా, పెద్ద పక్షిని కోసినప్పుడు పాత వంపుగా మిగిలి కనిపిస్తాయి. పెద్దయ్యాక మందులతో ఆ వంపు సరికాదు. తర్వాతి పిల్లల మేతను సరిదిద్దడమే ప్రయోజనకరం.

పై ముక్కు, కింది ముక్కు కత్తెరలా దాటిపోవడం, అదనపు వేలు, తోక లేకపోవడం వంటివి పుట్టుకతో వచ్చే లక్షణాలు. కత్తెర ముక్కుకు వంశం గాని, పొదిగే దశలోని లోపం గాని కారణం కావచ్చు. ఒకే పుంజు సంతానంలో మళ్లీ మళ్లీ వస్తే ఆ పుంజును మార్చాలి. ఒకే ఇంటి కోళ్లు తరతరాలుగా తమలో తామే జతకడుతున్న చోట పొరుగు గ్రామం నుంచి పుంజును తేవడం సులభమైన పరిష్కారం.

టర్కీ కోళ్లలో ప్రత్యేకంగా గమనించవలసినవి

మగ టర్కీ రొమ్ముపై ఉండే నల్లని కుచ్చు రోగం కాదు. అది రూపాంతరం చెందిన ఈకల సమూహం. కొన్ని ఆడ టర్కీలలోనూ ఇది ఉంటుంది. అరుదుగా ఒకటికి మించి కుచ్చులు ఉంటాయి. వీటివల్ల హాని లేదు.

ఆడ టర్కీల వీపు, పక్కలపై పొడవైన పాత చీలికలు ఉంటే జతకట్టే సమయంలో బరువైన మగ పక్షి గోళ్ల వల్ల కలిగినవిగా భావించాలి. మగ పక్షుల గోళ్లను కత్తిరించడం, మధ్యస్థ బరువు రకాల్లో అయిదు పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉంచడం ద్వారా వీటిని తగ్గించవచ్చు. టర్కీ పిల్లలకు తొలి వారాల్లో సుమారు 28 శాతం మాంసకృత్తులు గల మేత అవసరం. కోడి పిల్లల మేతనే వాటికీ పెడితే ఎదుగుదల కుంటుపడుతుంది, కాళ్లు బలహీనపడతాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది కాలేయం. టర్కీ కాలేయంపై గుండ్రంగా, మధ్యలో పల్లంగా, అంచున వలయంతో లక్ష్యపు గుర్తుల వంటి మచ్చలు, గుడ్డి పేగులలో జున్నులాంటి గట్టి పదార్థం ఉంటే అది నల్లతల వ్యాధి. హిస్టోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. ఈ జీవి కోళ్ల గుడ్డి పేగులలో నివసించే హెటిరాకిస్ అనే నులిపురుగు గుడ్లలో దాగి నేలపై ఏళ్ల తరబడి జీవించగలదు. వానపాములు కూడా ఆ గుడ్లను మోస్తాయి. కోళ్లలో ఇది చాలావరకు తీవ్ర లక్షణాలు చూపదు. టర్కీ పిల్లలలో మాత్రం గంధకం రంగు పసుపు విరేచనాలతో పెద్ద ఎత్తున మరణాలు కలిగిస్తుంది. కోలుకున్న టర్కీ కాలేయంపై మానిన మచ్చలు మిగులుతాయి.

పాత దెబ్బ అని పొరబడకూడని గుర్తులలో ఇది మొదటిది. ఒక పెద్ద టర్కీలో ఈ మచ్చలు కనిపించాయంటే ఆ పెరటి నేలలో పరాన్నజీవి ఉన్నదని అర్థం. తర్వాత తెచ్చే పిల్లల ప్రాణాలు ఆ గుర్తింపుపై ఆధారపడి ఉంటాయి. కోళ్లు తిరిగిన నేలపై టర్కీ పిల్లలను వదలకూడదు. రెండింటికీ వేర్వేరు గూళ్లు, వేర్వేరు మేత స్థలాలు ఉండాలి. పశువైద్యుని సలహాతో నులిపురుగుల మందు క్రమంగా వాడాలి. వ్యాధి ముదిరిన తర్వాత చికిత్స వల్ల ప్రయోజనం స్వల్పం.

విశ్లేషణకు మూడు ప్రశ్నలు

క్షేత్రస్థాయిలో ప్రయోగశాల అందుబాటులో లేనప్పుడు కింది ప్రశ్నలు చాలావరకు దారి చూపుతాయి.

1. ఎన్ని పక్షులలో ఉన్నది? మందలో ఒక్క పక్షిలోనే ఉంటే ప్రమాదం కావచ్చు. పలు పక్షులలో ఒకే చోట, ఒకే రూపంలో ఉంటే పెంపకం లోపం. ఒకే తల్లిదండ్రుల పిల్లలలో ఉంటే వంశం. ఒకే పొదుగు పిల్లలన్నింటిలో ఉంటే మేత లేదా పొదిగిన తీరు.

2. ఒకవైపా, రెండు వైపులా? దెబ్బ ఎక్కువగా ఒకవైపే తగులుతుంది. తాడు కట్టు, పోషణ లోపం, మశూచి సాధారణంగా రెండు వైపులా గుర్తులు చూపుతాయి.

3. ఆగిపోయిందా, పెరుగుతున్నదా? మానిన గాయం చుట్టూ వాపు, వేడి, ఎరుపు ఉండవు. పక్షి మేత తింటూ బరువు నిలుపుకుంటుంది. పక్షి చిక్కిపోతూ ఉంటే, కొత్త పక్షులకు అదే లక్షణం వస్తూ ఉంటే అది కొనసాగుతున్న రోగం.

వీటికి జవాబులు రాసుకొనేటప్పుడు గ్రామం, తేదీ, రకం, సుమారు వయసు, శరీరంలో చోటు, మందలోని మొత్తం పక్షుల సంఖ్య, రైతు దానిని మొదట చూసిన కాలం నమోదు చేయాలి. పక్కన ఒక నాణెం ఉంచి తీసిన ఫొటో పరిమాణాన్ని తెలుపుతుంది. ఇటువంటి నమోదులను విద్యార్థులు ఒక గ్రామంలో ఏడాదిపాటు చేసినా ఆ గ్రామపు పెంపకం లోపాలు స్పష్టమవుతాయి.

మాంసం వినియోగం, పరీక్షలు

రైతు తప్పక అడిగే ప్రశ్న, ఈ కోడిని తినవచ్చా అన్నది. మానిన ఎముక విరుపు, కాలి గాడి, తెగిన తురాయి, పుట్టుకతో వచ్చిన వంకరలు ఉన్న ఆరోగ్యమైన పక్షి మాంసం తినదగినదే. కమిలిన భాగాన్ని, రొమ్ము బొబ్బను, ఒకచోటికే పరిమితమైన గడ్డను చుట్టూ కొంత కండతో సహా తీసివేయాలి. పలు అవయవాలలో బుడిపెలు, కంతులు, దుర్వాసన, తీవ్రమైన బక్కదనం ఉంటే పక్షిని మొత్తంగా వదిలివేయాలి. నల్లతల వ్యాధి మచ్చలున్న కాలేయాన్ని, పేగులను వాడరాదు. వాటిని కుక్కలకు వేయకుండా, పెరట్లో పారవేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. ఇటీవల యాంటీబయాటిక్ వాడిన పక్షిని మందుకు నిర్దేశించిన విరామ కాలం ముగిసే వరకు కోయకూడదు. మానిన గాయానికి యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల ఖర్చు, అవశేషాలు మాత్రమే మిగులుతాయి.

ఈ పరిశీలన అంతా ఆరోగ్యంగా ఉండి కోసిన పక్షులకే వర్తిస్తుంది. అకస్మాత్తుగా చనిపోయిన పక్షిని, ఒకేసారి పలు మరణాలు సంభవించిన మందలోని పక్షిని ఇంట్లో గాని, క్షేత్రంలో గాని కోయకూడదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో తొలిసారి బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన నాటి నుంచి ఈ జాగ్రత్త తప్పనిసరి అయింది. అటువంటి సందర్భంలో స్థానిక పశువైద్యునికి గాని, 1962 నంబరుకు గాని తెలియజేయాలి. వ్యాధి నిర్ధారణకు మామునూరు పశువైద్య కళాశాలను, హైదరాబాద్ శాంతినగర్‌లోని పశుజీవ ఉత్పత్తుల పరిశోధన సంస్థను పశుసంవర్ధక శాఖ ద్వారా సంప్రదించవచ్చు. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు శిక్షణకు అనువైన వేదికలు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

* కోడి కాళ్లు కట్టి వేలాడదీయడానికి బదులు గాలి ఆడే వెదురు గంపలో తీసుకువెళ్లమని చెప్పాలి. కట్టక తప్పని చోట వెడల్పాటి మెత్తని గుడ్డ పేలికను, కొద్దిసేపటికే వాడాలి.
* దండెం ఎత్తు తగ్గించాలి. కర్ర అంచులు గుండ్రంగా ఉండాలి. కింద వరిపొట్టు లేదా ఇసుక పరచాలి.
* గుడ్లు పెట్టే పెట్టలకు నత్తగుల్లల పొడి లేదా సున్నపురాయి రవ్వ విడిగా అందుబాటులో ఉంచాలి.
* నూలు, ప్లాస్టిక్ దారం, తీగ ముక్కలు, మేకులు పెరట్లో లేకుండా ఏరివేయాలి. కందనకాయను కోసినప్పుడు అందులో మేకు, తీగ కనిపిస్తే ఆ పెరటిని శుభ్రం చేయించాలి.
* అటవీ గ్రామాల్లో చీకటి పడకముందే పక్షులను మూసి ఉన్న గూటికి చేర్చాలి. గూటి అడుగున, పక్కల సన్న కన్నుల ఇనుప జాలి ఉండాలి.
* టర్కీలను, కోళ్లను వేర్వేరు నేలపై పెంచాలి.

ముగింపు

పెరటి కోడి ఖరీదు చిన్నదే అయినా, చిన్న కమతం గల ఇంటికీ, కమతమే లేని ఇంటికీ అది అత్యవసరానికి అక్కరకు వచ్చే ధనం. ఆ కోడి శరీరంపై మిగిలిన పాత గుర్తు చికిత్స కోరదు, వివరణ కోరుతుంది. విరిగి అతికిన రెక్కను చూసి మందు రాయడం, కాలేయంపై వలయాలను చూసి పాత దెబ్బ అని వదిలివేయడం రెండూ ఒకే పొరపాటుకు రెండు రూపాలు. ఒక పక్షిలోని గుర్తును మందతో, మందలోని గుర్తును పెంపకంతో జోడించి చదివితే, కోసిన కోడి ఇచ్చిన సమాచారం మిగిలిన కోళ్లకు రక్షణ అవుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తమ గ్రామ సందర్శనలలో కోత సమయాన్ని కూడా ఒక పరిశీలనా సమయంగా వినియోగించుకోవడం అవసరం.